అంగన్‌వాడీలో మన పిల్లల అన్నం, మన పిల్లల మాట

ఇంటి గడప దాటిన పసిబిడ్డకు మొట్టమొదట కనబడే ప్రభుత్వం అంగన్‌వాడీ. తమిళనాడులోని మన ఇళ్లలో బాలవాడి అంటారు, సోలాపూర్ వైపు బాల్వాడీ అంటారు. పేరేదైనా పని ఒకటే: ఆరేళ్లలోపు పిల్లలకు కాస్త తిండి, కాస్త చదువు, బరువు చూడటం, టీకాలు గుర్తుచేయడం. 1975 అక్టోబర్ 2న దేశంలో 33 చోట్ల ప్రయోగంగా మొదలైన ఈ పథకానికి యాభై ఏళ్లు నిండాయి. ఇప్పుడు దాదాపు 14 లక్షల కేంద్రాలు నడుస్తున్నాయి. యాభై ఏళ్ల లెక్క చూసుకుంటున్న ఈ సమయంలో మన కుటుంబాలు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఈ కేంద్రాల్లో మన పిల్లలు ఏం తింటున్నారు, ఏ భాషలో అడిగి తింటున్నారు?

2011 జనాభా లెక్కల ప్రకారం తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారు తమిళనాడులో దాదాపు 42 లక్షలు, కర్ణాటకలో 35 లక్షలకు పైగా, మహారాష్ట్రలో 13 లక్షలు, ఒడిశాలో 7 లక్షలు. ఇంతమంది ఉన్న మన మధ్య తెలుగు గురించి మాట వస్తే అది ఒకటో తరగతి దగ్గర మొదలవుతుంది. తెలుగు మీడియం ఉందా, పుస్తకాలు వచ్చాయా, పంతులు పోస్టు నింపారా అని అర్జీలు పెడతాం. మూడో ఏడు నుంచి ఆరో ఏడు దాకా ఆ పిల్ల ఎక్కడ కూర్చుంది, ఎవరి చేతి ముద్ద తిన్నది అన్న సంగతి మన సంఘాల సమావేశాల్లో ప్రస్తావనకే రాదు. తెలుగు బడుల్లో చేరేవాళ్లు తగ్గుతున్నారని బాధపడతాం. ఆ తగ్గుదల మూడేళ్ల ముందే మొదలైందని గమనించం.

మా వాదన ఒక్కటే. ఆ వయసు పిల్లకు తిండి, మాట, చుట్టూ ఉన్న నేల విడివిడి విషయాలు కావు. మూడూ ఒకే గదిలో, ఒకే ఆయా చేతి మీదుగా అందుతాయి. కాబట్టి ఆ గది గురించి మనం పట్టించుకోవాలి, ఇప్పుడే పట్టించుకోవాలి.

మాట రాని చోట ముద్ద దిగదు

మూడేళ్ల పిల్లకు అవసరమయ్యే మాటలు కొన్నే. ఆకలేస్తోంది, దప్పికేస్తోంది, కడుపు నొస్తోంది, పాయికి వెళ్లాలి, ఇంకొంచెం పెట్టు, ఇక చాలు. ఈ పది మాటలు ఎదుటివాళ్లకు అర్థమైతే పిల్ల కుదురుకుంటుంది. అర్థం కాకపోతే ఊరుకుంటుంది. చాలామంది పిల్లలు ఏడ్చి గోల చేయరు, మౌనంగా ఒక మూల కూర్చుంటారు. కార్యకర్తకు అది నెమ్మదైన పిల్లగా కనబడుతుంది. దప్పికైనా అడగని పిల్ల, పళ్లెంలో సగం వదిలేసే పిల్ల, బట్టలు తడిపేసుకుని సిగ్గుపడే పిల్ల కొన్నాళ్లకు వెళ్లనని మారాం చేస్తుంది. ఇంట్లో మానిపించేస్తారు. ఆ పూట భోజనం, గుడ్డు, బరువు చూసే అవకాశం అన్నీ దానితోనే పోతాయి.

తరతరాలుగా స్థిరపడ్డ ఇళ్లలో పిల్లలకు కన్నడమో తమిళమో వీధిలోనే వచ్చేస్తుంది కదా అని అడగవచ్చు. చాలా ఇళ్లలో నిజమే. కానీ అన్ని ఇళ్లూ ఒక తీరుగా లేవు. తెలుగువాళ్లే ఎక్కువగా ఉన్న వాడలో, నాయనమ్మ దగ్గర పెరిగిన పిల్లకు మూడేళ్లకు తెలుగు తప్ప మరో మాట రాకపోవచ్చు. తెలంగాణ నుంచో ఆంధ్ర నుంచో కోడలిగా వచ్చిన తల్లికి మరాఠీ, ఒడియా పట్టుబడటానికి ఏళ్లు పడుతుంది. కార్యకర్త బిడ్డ బరువు చూసి ఏదో చెబుతుంది, తల్లి తల ఊపి వచ్చేస్తుంది. బిడ్డ బరువు పట్టికలో గీత కిందికి జారిందన్న విషయం ఇంటికి చేరదు. భాష ఇక్కడ సాంస్కృతిక గౌరవం కోసం అడుగుతున్నది కాదు. పిల్ల ఒంటికి సంబంధించిన సమాచారం అందాలంటే కావలసిన దారి అది.

చట్టంలో ఉన్న ఖాళీ

రాజ్యాంగంలోని 350ఎ అధికరణం భాషా అల్పసంఖ్యాక పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన ఏర్పాట్లు చేయాలని రాష్ట్రాలకు చెబుతుంది. మన సంఘాలు అర్జీల్లో ఎప్పుడూ ఉదహరించేది దీన్నే. అయితే అందులోని మాట ప్రాథమిక దశ. అంగన్‌వాడీ దానికి ముందు వస్తుంది. 86వ రాజ్యాంగ సవరణ తర్వాత 45వ అధికరణం ఆరేళ్లలోపు పిల్లల సంరక్షణ, విద్య గురించి మాట్లాడుతుంది గానీ భాష ఊసెత్తదు. 2009 విద్యాహక్కు చట్టంలోని 11వ సెక్షన్ మూడేళ్లు దాటిన పిల్లలకు పూర్వ ప్రాథమిక విద్య ఏర్పాట్లు ప్రభుత్వం చేయవచ్చని చెప్పి వదిలేస్తుంది. అంటే మూడు నుంచి ఆరేళ్ల తెలుగు పిల్ల విషయంలో గట్టిగా పట్టుకోవడానికి స్పష్టమైన చట్టం మాట మనకు లేదు.

విధానాల్లో మాత్రం చోటుంది. 2020 జాతీయ విద్యావిధానం మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా ఉన్న కాలాన్ని ఒకే పునాది దశగా చూసింది, అంగన్‌వాడీని అందులోకి తెచ్చింది. వీలైన చోటల్లా కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలో బోధించాలంది. 2022 అక్టోబర్‌లో వచ్చిన పునాది దశ పాఠ్యప్రణాళిక చట్రం కూడా ఈ వయసు పిల్లలకు మాతృభాషనే ప్రధానంగా వాడమని సూచించింది. 2023 మేలో కేంద్రం 'పోషణ్ భీ పఢాయీ భీ' పేరుతో అంగన్‌వాడీ కార్యకర్తల శిక్షణ మొదలుపెట్టింది. 2024లో మూడు నుంచి ఆరేళ్ల పిల్లల కోసం 'ఆధారశిల' అనే పాఠ్యప్రణాళిక విడుదలైంది. తిండి పెట్టే చోటే చదువు కూడా సాగాలన్నది వీటి సారాంశం.

ఈ విధానాల్లోని ఇంటి భాష అన్న మాట రాష్ట్రానికి చేరేసరికి రాష్ట్ర భాషగా మారిపోతుంది. అది ద్వేషంతో జరుగుతోందని మేము అనుకోవడం లేదు. ఒక జిల్లాలో ఏ వాడలో ఏ భాష పిల్లలు ఎందరున్నారో తెలియకుండా ఒకే శిక్షణ, ఒకే పుస్తకం పంపడం అధికారులకు సులువు. ఒడిశా ఈ విషయంలో ఒక మంచి ఉదాహరణ చూపింది. అక్కడి పూర్వ ప్రాథమిక పాఠ్యక్రమం 'నువా అరుణిమ'ను పలు ఆదివాసీ భాషల్లో తయారుచేసి అంగన్‌వాడీలకు ఇచ్చారు. ఆదివాసీ బిడ్డ కోసం చేసిన ఆ పని వెనుక ఉన్న తర్కం బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం తెలుగు బిడ్డకూ వర్తిస్తుంది. వాళ్ల వాటాలోంచి అడగనక్కర్లేదు, వాళ్లు వేసిన దారి చూపించి అడిగితే చాలు.

పళ్లెంలో ఎంత, దానికి ఖర్చెంత

ఇప్పుడు తిండి సంగతి. 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం మూడు నుంచి ఆరేళ్ల పిల్లకు అంగన్‌వాడీలో రోజూ ఆహారం పెట్టాలి; చట్టం వచ్చినప్పటి ప్రమాణం రోజుకు 500 కిలో క్యాలరీల శక్తి, 12 నుంచి 15 గ్రాముల మాంసకృత్తులు. ఇది దయ కాదు, హక్కు. కేంద్రంలో వేడిగా వండి పెట్టాలి. మూడేళ్లలోపు పిల్లలకు ఇంటికిచ్చే పిండి రూపంలో ఇవ్వవచ్చు. తమిళనాడులో సత్తుమావు అనీ, ఒడిశాలో ఛతువా అనీ మన ఇళ్లలోనూ పేరుపడ్డది అదే.

దీనికి కేంద్రం 2017లో నిర్ణయించిన ఖర్చు ఒక బిడ్డకు రోజుకు 8 రూపాయలు. తీవ్ర పోషకాహార లోపం ఉన్న బిడ్డకు 12 రూపాయలు. వీధి చివర కొట్లో రెండు చిప్స్ ప్యాకెట్లకు అంతకంటే ఎక్కువ అవుతుంది. ఆ పైన ఏం చేరుతుందన్నది రాష్ట్రం ఇష్టం. తమిళనాడు ఎం.జి.ఆర్ హయాంలో 1982 జూలైలో మొదలుపెట్టిన పోషకాహార పథకాన్ని పెంచుకుంటూ వచ్చి, రెండేళ్లు దాటిన అంగన్‌వాడీ పిల్లలకు వారానికి మూడు గుడ్లు ఇస్తోంది. కర్ణాటక 2013లో 'క్షీర భాగ్య' తెచ్చి పాలు కలిపింది. ఒడిశా 2011 నుంచి పిండి తయారీని కంట్రాక్టర్ల చేతినుంచి తప్పించి మహిళా సంఘాలకు అప్పగించింది. మహారాష్ట్ర ఆదివాసీ ప్రాంతాల్లో అమృత్ ఆహార్ పథకం కింద గుడ్డు లేదా అరటిపండు ఇస్తారు. కాబట్టి సరిహద్దుకు ఒక పక్క బిడ్డకు దక్కేది ఇంకో పక్క బిడ్డకు దక్కకపోవచ్చు. మీ రాష్ట్రం ఏం ఇస్తానందో తెలుసుకుని, అది పళ్లెంలోకి వస్తోందా లేదా చూడటం మన మొదటి పని.

ఇంత చేసినా ఫలితం ఎలా ఉంది? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలు చూడండి. ఐదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగిన ఎత్తు పెరగనివారు కర్ణాటకలో 35.4 శాతం, మహారాష్ట్రలో 35.2, ఒడిశాలో 31.0, తమిళనాడులో 25.0, యానాం భాగమైన పుదుచ్చేరిలో 20.0 శాతం. ఎత్తు విషయంలో రాష్ట్రాల మధ్య తేడా పెద్దది. రక్తహీనత దగ్గరకొస్తే ఆ తేడా చాలావరకు చెరిగిపోతుంది. ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత మహారాష్ట్రలో 68.9 శాతం, కర్ణాటకలో 65.5, ఒడిశాలో 64.2, పుదుచ్చేరిలో 64.0, తమిళనాడులో 57.4. అన్నిట్లో మెరుగైన చోట కూడా సగం మందికి పైగా పిల్లల రక్తం పలచబడి ఉంది.

ఈ సర్వే కులం, మతం, ఆదాయం వారీగా లెక్కలు ఇస్తుంది, ఇంటి భాష వారీగా ఇవ్వదు. కాబట్టి మన పిల్లలు ఇతరులకంటే మెరుగ్గా ఉన్నారనో వెనకబడ్డారనో చెప్పే హక్కు ఎవరికీ లేదు. ఒక్కటి మాత్రం చెప్పవచ్చు: మూడింట ఇద్దరు పిల్లలకు ఉన్న లోపం మన వీధి దాటుకుని పోదు. పుదుచ్చేరి అంకె ఇంకో పాఠం చెబుతుంది. అది మొత్తం కేంద్రపాలిత ప్రాంతానికి సంబంధించిన లెక్కే గానీ యానాం ఒక్కదానిది కాదు. అయినా తెలుగే అధికార భాషల్లో ఒకటైన యానాంలో కార్యకర్తకూ తల్లికీ మధ్య భాష అడ్డు రాదు కాబట్టి అక్కడ తక్కినదంతా సర్దుకుపోతుందని అనుకోలేం. మాట అర్థమవడం మొదటి మెట్టు. ఆ మాటలో ఏం చెబుతున్నారు, పళ్లెంలో ఏం పెడుతున్నారు అన్నది రెండోది.

ఇంటివైపు నుంచి

రక్తహీనత ఎందుకింత? కారణాలు చాలా ఉన్నాయి: తల్లి గర్భంలోనే రక్తం చాలకపోవడం, నులిపురుగులు, ఆకుకూరలు, పప్పు, మాంసం అందకపోవడం. వీటికి తోడు మన ఇళ్లలో ఒక అలవాటు పాతుకుపోయింది. పొద్దున్నే టీలో ముంచిన బిస్కెట్టుతో పిల్లల కడుపు నింపుతాం. టీలోని వగరు పదార్థం తిండిలోని ఇనుము ఒంటికి పట్టకుండా చేస్తుంది. బిస్కెట్టులో ఉండేది మైదా, చక్కెర, నూనె. ఆకలి చచ్చిపోయిన పిల్ల పదింటికి అంగన్‌వాడీలో పెట్టింది తినదు. అక్కడి తిండి బాగాలేదని మనం అంటాం.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సవరించి విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో రెండేళ్లలోపు పిల్లలకు చక్కెర కలిపిన తిండి వద్దంది. ప్యాకెట్ తిళ్లను, అతిగా శుద్ధి చేసిన పదార్థాలను తగ్గించమంది. ఇది కొత్త సంగతేమీ కాదు. ఉగ్గు, అంబలి, రాగి సంకటి, పెసరపప్పు కట్టు, పల్లీ ఉండ, మునగాకు పప్పు తిని పెరిగిన తరం మన ఇళ్లలో ఇంకా ఉంది. నూరు గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. ధాన్యాల్లో అంత కాల్షియం ఉన్నది మరొకటి లేదు. ఆకుకూర పప్పులో చివర నిమ్మరసం పిండితే అందులోని ఇనుము బాగా పడుతుంది. మామ్మ పులుపు వేసి వండినప్పుడు ఆ సంగతి ఆమెకు పుస్తకంలో చదివి తెలియలేదు.

ఈ తిళ్లలో మనకు, పొరుగువాళ్లకు మధ్య గోడ కూడా లేదు. పావగడ, కోలారు వైపు రాగి ముద్ద తెలుగువాళ్లదా కన్నడిగులదా అని ఎవరూ అడగరు. సోలాపూర్‌లో జొన్న రొట్టె మనదీ, భాకరి వాళ్లదీ. హోసూరు వైపు రాగి కళి, సంకటి ఒకే కుండలోవి. భాష గురించి అడిగితే వివాదం వస్తుందని భయపడేవాళ్లు తిండి దగ్గర నుంచి మొదలుపెట్టవచ్చు. వారానికి రెండు రోజులు ఈ ప్రాంతపు చిరుధాన్యం వండమని తెలుగు తల్లి, కన్నడ తల్లి కలిసి అడిగితే కాదనే అధికారి ఉండడు. ఒడిశాలో కియోంఝర్, సుందర్‌గఢ్ జిల్లాల అంగన్‌వాడీల్లో చిరుధాన్యాల మిషన్ కింద రాగి లడ్డు పెట్టారు. మన జనం ఎక్కువగా ఉన్న గజపతి, రాయగడ జిల్లాల్లో రాగులు పండుతాయి. అక్కడి పిల్లల చేతికీ ఆ లడ్డు రావాలని అడగడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

ఐరన్ సిరప్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. రక్తహీనత నివారణ కార్యక్రమం కింద ఆరు నెలలు దాటిన పిల్లల నుంచి ఐదేళ్లలోపు వారికి వారానికి రెండుసార్లు ఒక మిల్లీలీటరు చొప్పున ఐరన్ మందు ఇవ్వాలి. ఆశా కార్యకర్త సీసా ఇస్తుంది. పళ్లు నల్లబడతాయనీ, మలం నల్లగా వస్తోందనీ భయపడి సీసా అటక మీద పెట్టేయడం మామూలైంది. మలం రంగు మారడం ఆ మందుతో సహజం, ప్రమాదం కాదు. ఆ ఒక్క మాట తల్లికి అర్థమయ్యే భాషలో చెబితే సీసా అటక దిగుతుంది.

పెరడు, పళ్లెం, చెత్తబుట్ట

2021లో వచ్చిన 'సక్షమ్ అంగన్‌వాడీ, పోషణ్ 2.0' పథకం అంగన్‌వాడీ ఆవరణలో పోషణ వాటిక, అంటే పెరటి తోట పెంచమంటోంది. చాలాచోట్ల అది ఫొటో తీసే రోజున నాటి, మరుసటి వారం ఎండిపోయే మొక్కల వరసగా మిగులుతోంది. దీనికి డబ్బు కొరత కంటే మనుషుల కొరతే ఎక్కువ. కార్యకర్తకు సర్వేలు, రిజిస్టర్లు, ఫోన్‌లో ఎక్కించాల్సిన వివరాలు ఉంటాయి. ఆయాకు వంట, శుభ్రం చేయడం, పిల్లలను తీసుకురావడం ఉంటాయి. కేంద్రం వాటాగా కార్యకర్తకు నెలకు 4,500 రూపాయలు, ఆయాకు 2,250 రూపాయలు 2018 నుంచి ఇస్తున్నారు. రాష్ట్రాలు పైన కొంత కలుపుతాయి. ఆ గౌరవ వేతనానికి తోటపని కూడా చేయమనడం న్యాయం కాదు.

ఇక్కడ మన ఇళ్లు చేయగలిగింది ఉంది. ప్రతి వాడలోనూ మట్టి పని తెలిసిన ముసలివాళ్లు ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. ఒక మునగ చెట్టు, ఒక బొప్పాయి, ఒక కరివేపాకు, రెండు మళ్లలో తోటకూర, పాలకూర చాలు. బియ్యం కడిగిన నీళ్లు, చేతులు కడిగిన నీళ్లు ఆ మళ్లలోకే పోయేలా చిన్న కాలువ తీస్తే నీటి కొరత ఉన్న బళ్లారి, సోలాపూర్ లాంటి చోట కూడా తోట బతుకుతుంది. స్థలం లేని మురికివాడ కేంద్రంలో పాత బక్కెట్లలో మెంతి, పుదీన పెరుగుతాయి. తాత మొక్కకు నీళ్లు పోస్తూ, ఇది తోటకూర, ఇది గోంగూర అని పేర్లు చెబితే పిల్లకు కూరా తెలుస్తుంది, తెలుగూ తెలుస్తుంది. పక్కనున్న పిల్ల దాని కన్నడ పేరో మరాఠీ పేరో చెబుతుంది. తాను నీళ్లు పోసిన మొక్క ఆకు పప్పులో పడితే తినే పిల్లలే ఎక్కువ.

ఇంకో చిన్న సంగతి. 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ పళ్లేలు, గ్లాసులు, చెంచాలు దేశమంతటా నిషేధంలో ఉన్నాయి. అయినా పిల్లల పుట్టినరోజుకో, వర్ధంతికో మనం అంగన్‌వాడీకి పంపే పంపకాల్లో అవే కనబడతాయి, కేకు, చిప్స్, రంగునీళ్లతో పాటు. పిల్లల పేరుమీద ఏదైనా ఇవ్వాలనుకుంటే పది స్టీలు పళ్లేలు ఇవ్వండి, ఒక నీళ్ల ఫిల్టర్ ఇవ్వండి, అందరికీ ఒక్కో అరటిపండు, పల్లీ ఉండ ఇవ్వండి. స్టీలు పళ్లెం మీద తాత పేరు చెక్కించుకోవడం మన ఆచారంలో ఉన్నదే.

బీడీ చుట్టే తల్లి, మగ్గం నడిపే తండ్రి

సోలాపూర్‌లో పద్మశాలీ ఇళ్ల ఆడవాళ్లు తరాలుగా బీడీలు చుడుతున్నారు. భివండీలో మరమగ్గాలు, బెంగళూరులో ఇళ్ల నిర్మాణం, గోపాల్‌పూర్, పూరీ తీరాల్లో చేపల పని. ఈ పనులు చేసే తల్లికి అంగన్‌వాడీ వేళలు సరిపోవు. మధ్యాహ్నానికి పిల్ల ఇంటికొచ్చేస్తే పొగాకు పొడి మధ్యనో, మగ్గాల చప్పుడులోనో కూర్చోవాలి, లేదా అక్క బడి మానేసి చూసుకోవాలి. పెద్దపిల్ల చదువు ఆగిపోయే కారణాల్లో ఇదొకటని మన వాడల్లో అందరికీ తెలుసు.

కేంద్రం 'పాల్నా' పథకం కింద 17,000 అంగన్‌వాడీలను పిల్లల సంరక్షణ కేంద్రాలుగా కూడా నడపాలని నిర్ణయించింది. ఆరు నెలల నుంచి ఆరేళ్ల పిల్లలను రోజుకు ఏడున్నర గంటలు చూసుకోవాలి, నిద్రకు చోటు, తిండి ఉండాలి. ఎక్కడ పెట్టాలన్నది రాష్ట్రాలు ప్రతిపాదిస్తాయి. బీడీ వాడలు, మరమగ్గాల పేటలు ఆ జాబితాలోకి రావాలని ఇప్పుడు అడగకపోతే అవి వేరే వార్డులకు పోతాయి.

అసలు కేంద్రమే లేని వాడల సంగతి? 2006 డిసెంబర్ 13న సుప్రీంకోర్టు ఆహార హక్కు కేసులో ఒక ఆదేశం ఇచ్చింది. ఆరేళ్లలోపు పిల్లలు కనీసం 40 మంది ఉండి అంగన్‌వాడీ లేని పల్లె వాడ లేదా మురికివాడ అడిగితే, అడిగిన మూడు నెలల్లోపు కేంద్రం ఏర్పాటు చేయాలి. పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు ఒక కాగితం మీద రాసి సంతకాలు పెట్టి శిశు అభివృద్ధి పథక అధికారికి ఇవ్వడానికి ఏ సంఘానికీ వకీలు అక్కర్లేదు.

ఏం అడగాలి, ఏం అడగకూడదు

ప్రతి ఊళ్లో విడిగా తెలుగు అంగన్‌వాడీ కావాలని మేము అనడం లేదు. అది జరిగే పనీ కాదు, మంచిదీ కాదు. పొరుగు పిల్లలతో కలిసి కూర్చుని రాష్ట్ర భాష చెవిన వేసుకోవడం మన పిల్లలకు మేలు చేస్తుంది. రేపు అదే బస్సులో, అదే ఆఫీసులో, అదే ఆసుపత్రిలో వాళ్లు బతకాలి. మూడేళ్ల పిల్ల రెండు భాషలు కలిసి నేర్చుకోగలదు. ఒకటి తీసేసి ఇంకొకటి పెట్టాల్సిన అవసరం లేదు.

మేము అడగమంటున్నవి ఇవి:

మొదటిది, తెలుగు పిల్లలు గణనీయంగా ఉన్న వాడలో కార్యకర్తకో ఆయాకో ఇద్దరిలో ఒక్కరికైనా తెలుగు వచ్చి ఉండాలి. వీళ్లు స్థానిక మహిళలే అయి ఉండాలన్నది ముందునుంచీ ఉన్న పద్ధతి. నియామకాల ప్రకటన వచ్చినప్పుడు మన ఇళ్ల అమ్మాయిలు దరఖాస్తు పెట్టకపోతే తర్వాత అడిగి లాభం లేదు. హోసూరులో తమిళం, తెలుగు రెండూ వచ్చిన అమ్మాయికి, బళ్లారిలో కన్నడం, తెలుగు వచ్చిన అమ్మాయికి అది అదనపు అర్హత. గౌరవ వేతనం తక్కువని చిన్నచూపు చూడకండి. వేతనం పెంచమని కార్యకర్తలు అడిగినప్పుడు వాళ్ల పక్కన నిలబడండి.

రెండోది, కేంద్రంలో పేర్లు రాసుకునేటప్పుడు ఇంటి భాష కూడా రాయించండి. లెక్కలో లేని పిల్లకు పుస్తకం రాదు. అమరావతి నుంచో హైదరాబాద్ నుంచో పాఠ్యపుస్తకాలు తెప్పించడం ఈ వయసుకు పనికిరాదు. మన ఇళ్లలో మాట్లాడే తెలుగు, కన్నడమో తమిళమో ఒడియానో కలిసిన తెలుగు, అదే పిల్లకు తెలిసిన తెలుగు. అందులో బొమ్మల పుస్తకాలు, జోలపాటలు, పొడుపు కథలు చాలు. భాషా అల్పసంఖ్యాకుల కమిషనర్‌కు పంపే అర్జీల్లో ఒకటో తరగతితో పాటు అంగన్‌వాడీ మాట కూడా చేర్చండి.

మూడోది, నెలకోసారి జరిగే గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషణ దినానికి వెళ్లండి. బిడ్డ బరువు, ఎత్తు పట్టిక చూపించమని అడగండి. గుడ్డు, పాలు, పప్పు వారంలో ఎన్ని రోజులు రావాలో గోడ మీద రాయించమని అడగండి. తల్లుల కమిటీలో మన వాడ నుంచి ఒకరుండాలి.

నాలుగోది మన చేతిలోనే ఉంది. టీ, బిస్కెట్టు మాన్పించి, పొద్దున్నే రాగి జావో, పెసరట్టు ముక్కో పెట్టి పంపండి. ఇంగ్లిషు మాటలు నాలుగు నేర్పుతారని నెలకు వేలు పోసి ప్లేస్కూలుకు పంపే ఇళ్లు, ఆ డబ్బాలో ఏం పంపుతున్నాయో చూసుకోండి. చిప్స్ ప్యాకెట్టుకు ఏ భాషా లేదు, ఏ పోషణా లేదు.

యానాంలోని మనవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. మిగతా నాలుగు రాష్ట్రాల్లోని తెలుగు తల్లులు కోరుకునేది మీకు పుట్టుకతో దొరికింది: అంగన్‌వాడీలో తన మాట అర్థమయ్యే మనిషి. దాని ఆధారంగా తోట, గుడ్డు, బరువు పట్టిక సరిగా నడిపి చూపించండి. రేపు సోలాపూర్ నుంచో పర్లాకిమిడి నుంచో ఎవరైనా భాష వస్తే ఏం తేడా ఉంటుందని అడిగితే చూపించడానికి మనకు ఒక ఊరు కావాలి.

ఆరేళ్లలోపే మనిషి మెదడు 85 శాతానికి పైగా ఎదుగుతుందని జాతీయ విద్యావిధానమే చెప్పింది. ఆ ఆరేళ్లు తిరిగి రావు. ఒకటో తరగతి తెలుగు బెంచీ కోసం మన సంఘాలు దశాబ్దాలుగా పోరాడుతున్నాయి, పోరాడాలి కూడా. ఆ బెంచీ మీద కూర్చునే పిల్ల ఇవాళ మీ వీధి అంగన్‌వాడీలో చాప మీద కూర్చుని ఉంది. ఈ వారం ఒకసారి భోజనం వేళకు వెళ్లి చూసి రండి.